ప్రతినిధి పాలపొంగు పథకం

తంగెళ్ళపూడిలో అద్దె ఇంటి కోసం వచ్చినవాళ్ళు గుమ్మం ముందు నిలబడి తమ పేరు చెప్పినప్పుడు, ఆ పేరు ఇంటికి నచ్చకపోతే ఇల్లు మాయమైపోతుంది. ఏడేళ్ళుగా ఉన్నదే ఇది. మనుషులకేం కాదు. లోపల టీవీ చూస్తున్న ఇంటాయన చేతిలో రిమోటుతో ఖాళీ స్థలంలో చతికిలబడి ఉంటాడు. మేడ మీద ఉన్నవాళ్ళు మెట్లు దిగినట్టే నిదానంగా కిందికి దిగుతారు, ఇంతవరకు ఎవరి కాలూ బెణకలేదు. కరెంటు మీటరు ప్రభుత్వ ఆస్తి కనక అది మాయం కాదు, గాల్లో తన ఎత్తులో తాను ఉండి తిరుగుతూనే ఉంటుంది. టు-లెట్ బోర్డు కూడా ఉంటుంది, అదెందుకు ఉంటుందో ఎవరూ తేల్చలేదు. వచ్చినవాళ్ళు సందు మలుపు తిరిగి వెళ్ళిపోయాక, సగటున పదకొండు నిమిషాల్లో, ఇల్లు మళ్ళీ వచ్చేస్తుంది. పొయ్యి మీద పెట్టిన పప్పు కూడా వస్తుంది, కాకపోతే కాస్త అడుగంటుతుంది.

మొదట్లో ఓ వారం జనం గాభరా పడ్డారు. తర్వాత మున్సిపాలిటీ వారు అదృశ్య గృహాల సెక్షను ఒకటి తెరిచి, పానకాలు గారనే గుమాస్తాని వేసి, సూచనల పత్రం అచ్చు వేయించడంతో అంతా సర్దుకుంది. సూచనలన్నీ ఇల్లు అడిగేవాళ్ళకే. పేరు చెప్పేముందు లోపల ఎవరైనా స్నానం చేస్తున్నారేమో కనుక్కోవాలి. గ్యాసు కట్టేయమని ఇంటివాళ్ళకి గుర్తు చేయాలి. ఉయ్యాల్లో పసిపిల్లలుంటే ఎత్తుకోమనాలి. ఒకసారి డేవిడ్‌పాల్ అనే లెక్కల మాస్టారు ఇవేమీ కనుక్కోకుండా పేరు చెప్పేయడంతో ఒక బ్యాంకు మేనేజరు గారు ఒంటినిండా సబ్బుతో నడివీధిలో నిలబడాల్సి వచ్చింది. విచారణలో తప్పు మాస్టారిదేనని తేలింది. ఆయన క్షమాపణ పత్రం రాసిచ్చి, పొరుగూరి నుంచి బస్సులో వచ్చి పాఠాలు చెప్పుకుంటున్నాడు.

ఇంతమాత్రాన తంగెళ్ళపూడిలో ద్వేషం ఉందని ఎవరైనా అంటే కళ్ళు పోతాయి. ఇళ్ళవాళ్ళంతా ఎంతో మంచివాళ్ళు. ఇల్లు మాయమైన స్థలంలోనే నిలబడి, వచ్చినవాళ్ళకి పక్కింటి నుంచి మజ్జిగ తెప్పించి ఇచ్చి, "మాకేం పట్టింపుల్లేవమ్మా, ఇల్లే ఒప్పుకోట్లా," అని నిజంగానే బాధపడతారు. మసీదు వీధిలోనూ కొన్ని ఇళ్ళు శాస్త్రులకీ శర్మలకీ మాయమవుతాయి. కాకపోతే ఆ వీధిలో ఇల్లు అడగబోయిన శర్మలు ఏడేళ్ళలో ముగ్గురే కావడంతో పానకాలు గారు దానికి పెట్టిన రిజిస్టరు ఇంకా మొదటి పేజీలోనే ఉంది. మిగతా వీధుల ఇళ్ళకి పెట్టిన రెండో రిజిస్టరుకి ఆరు సంపుటాలయ్యాయి.

ఈ పరిస్థితిని మార్చి తీరాలని నడుం కట్టింది గడప యువజన బృందం. దాని కార్యదర్శి యశస్విని. పాతికేళ్ళ పిల్ల, గ్రూప్ టూ పరీక్షకి చదువుకుంటోంది, తెలివైనది, మనసు మంచిది, ఫైలు కనిపిస్తే దాని వరస సరిచేయకుండా ఉండలేదు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉంటే ఏమవుతుందన్నదే మన కథ. పై నుంచి సామరస్య పథకం కింద బృందానికి ఒక లక్ష్యం వచ్చింది. ఏడాది తిరిగేలోగా పాతిక ఇళ్ళు మాయం కాకుండా ఆపాలి.

బృందం ముందు ర్యాలీ తీసింది. తర్వాత మానవహారం కట్టింది. గోడల మీద సౌభ్రాతృత్వ నినాదాలు రాసింది. నినాదం రాసిన ఇళ్ళు నినాదంతో సహా మాయమై, నినాదంతో సహా తిరిగి వచ్చాయి. ఇళ్ళలో మార్పు రావాలని మూడు నెలల పాటు ఆదివారాలు వీధరుగుల మీద కూర్చుని గోడలకి కరపత్రాలు చదివి వినిపించారు. ఒక ఇంటి సున్నం పెచ్చులూడింది తప్ప చెప్పుకోదగ్గ ఫలితం లేదు.

ఆ రోజుల్లో బృందం దగ్గరికి షేక్ తస్లీమా వచ్చింది. ఇరవైమూడేళ్ళది, పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డులో నర్సు. తండ్రి లేడు. తల్లి నాగూర్‌బీకి కిడ్నీలు పాడై వారానికి మూడు రోజులు అదే ఆసుపత్రిలో డయాలసిస్. ఊరు అరవై కిలోమీటర్లు. సూది పొడిపించుకుని, నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని, ఆ ఒంటితో రెండు బస్సులు మారి ఇంటికి పోతుంటే దారిలో రెండుసార్లు స్పృహ తప్పింది. మూడోసారి తప్పితే తాను గ్యారంటీ ఇవ్వలేనని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక ఇల్లు కావాలి. తస్లీమా అప్పటికి ముప్పై ఒక్క ఇళ్ళు అడిగింది. సూచనలన్నీ పాటించింది. ఎక్కడా ఎవరూ సబ్బుతో వీధిన పడలేదు.

"కొన్నిళ్ళు సగం పేరుకే పోతన్నాయక్కా," అంది. "షేక్ అంటానా, అప్పటికే కిటికీలుండవు."

యశస్విని ఆ పిల్ల ముఖం చూసి రాత్రంతా నిద్రపోలేదని కాదు, హాయిగానే పోయింది. కాని మర్నాడు పొద్దున్నే పానకాలు గారి సెక్షనుకి వెళ్ళి ఆరు సంపుటాలూ ముందేసుకుని కూర్చుంది. తొమ్మిది రోజులు చదివింది. పదో రోజు ఆమెకి కనిపించింది. మాయమైన ఇళ్ళన్నీ పేరు చెప్పిన దగ్గరే మాయమయ్యాయి. ఒకసారి పాలు పొంగించి కాపురం పెట్టాక, ఆ కాపురమున్నవాళ్ళ పేరుకి మాయమైన ఇల్లు ఒక్కటంటే ఒక్కటి లేదు. సత్యమూర్తిగా దిగి, పాలు పొంగించుకుని, రెండేళ్ళ తర్వాత స్టీఫెన్‌గా మారిన ఒక పోస్టుమాస్టరు విషయంలో కూడా ఇల్లు కిమ్మనలేదు. ఎవరు పాలు పొంగిస్తే వాళ్ళని ఇల్లు తన మనిషి అనుకుంటుంది, అంతే.

"మరింకేం, ఆ పిల్ల చేత పొంగించండి," అన్నారు పానకాలు గారు.

"పేరు చెప్పకుండా తాళం చేతికివ్వరు కదండీ."

పానకాలు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "తాళం నువ్వు తీసుకో. పాలు కూడా నువ్వే పొంగించు. ప్రతినిధి అని ఒక కాలమ్ పెట్టుకుందాం. వివాహాలకి ఉందిగా అట్టాంటి ఏర్పాటు, పూర్వం పెళ్ళికొడుకు రాలేకపోతే అతని కత్తిని పీటల మీద పెట్టి పెళ్ళి జరిపించేవాళ్ళు."

అలా పుట్టింది ప్రతినిధి పాలపొంగు. నాలుగు ప్రతుల్లో దరఖాస్తు తయారైంది. ప్రతినిధి పేరు, లబ్ధిదారు పేరు, పాల పరిమాణం, పొంగిన దిక్కు. పై నుంచి మంజూరు కూడా వారంలోనే వచ్చింది. తంగెళ్ళపూడి చరిత్రలో ఇంత త్వరగా వచ్చిన కాగితం మరొకటి లేదు.

ఆసుపత్రి వెనక సందులో సుబ్బరత్నమ్మ గారి కింది పోర్షను ఖాళీగా ఉంది. యశస్విని వెళ్ళి తన పేరు చెప్పింది. ఇల్లు కదలలేదు. సుబ్బరత్నమ్మ గారికి విషయం తెలుసు, సందులో అందరికీ తెలుసు. యశస్విని పక్కకి తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పబోతే ఆవిడ చేత్తో వారించింది.

"నాకు చెప్పమాక తల్లీ. నాకు తెలిస్తే ఫర్లా, ఇంటికి తెలిసిపోయిద్ది."

మంచిరోజు చూసుకుని గురువారం ముహూర్తం పెట్టారు. తస్లీమా కొత్త గిన్నె, పాలప్యాకెట్టు తెచ్చుకుని సందు మొదట్లో నిలబడింది. ఆ గిన్నె కొనటానికి ఆమె మూడు కొట్లు తిరిగింది. కొత్త ఇంట్లో పాలు పొంగించడం వాళ్ళ ఊళ్ళో వాళ్ళింట్లోనూ ఉన్న ఆచారమే.

"పాలు నేను పొంగిస్తానక్కా," అంది. "తాళం నీదగ్గరుందిగా. పేరు అడిగేవాళ్ళు లోపలెవరూ లేరు. నోరు మూసుకుని గిన్నె పెట్టి వచ్చేస్తా."

అందులో తప్పేమీ లేదు. ఆ ఒక్క మాట యశస్విని విని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, నాకూ సంతోషంగా ఉండేది. కాని అది మొదటి ఇల్లు. మొదటి ఇల్లే మాయమైతే పథకం మాటేమిటి, ఫారంలో ప్రతినిధి గడి ఖాళీగా ఉంటే పైవాళ్ళేమంటారు? "వద్దు తస్లీమా, రిస్కు తీసుకోవద్దు, నీ మంచికే చెప్తున్నా," అని గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుంది. పాలు తూర్పుకి పొంగాయి. బృందం వాళ్ళు చప్పట్లు కొట్టారు. అరగంట తర్వాత నాగూర్‌బీని ఆటోలో తీసుకొచ్చి దింపితే ఇల్లు చెక్కుచెదరకుండా నిలబడింది. ముసలామె గోడ తడిమి చూసి, గట్టిదేనని నమ్మకం కుదిరాక, దానికి ఆనుకుని కూర్చుని కాసేపు ఏడ్చింది. యశస్వినికి కూడా కళ్ళు చెమర్చాయి. ఆ క్షణంలో ఆమెకి కలిగిన సంతోషం నిఖార్సైనదే, అందులో అనుమానం లేదు.

నాలుగో రోజు తస్లీమా ఫోనులో "హలో, తస్లీమాని మాట్లాడుతున్నా," అంది. వంటగది మాయమైంది. పది నిమిషాలకి వచ్చింది. రెండు రోజుల తర్వాత, డయాలసిస్ అయిన మధ్యాహ్నం నాగూర్‌బీ మగతలో కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. ఈసారి ఆమె పడుకున్న గదే పోయింది. మే నెల ఎండలో, చేతికి పట్టీతో, ముసలామె నేలమీద పడుకుని ఉంది. సుబ్బరత్నమ్మ గారు పరుగున గొడుగు తెచ్చి పట్టింది. మనిషి మంచిదని ముందే చెప్పాను.

యశస్విని వచ్చి పరిశీలించింది. విషయం తేలిగ్గానే బోధపడింది. ఆ ఇల్లు యశస్విని ఇల్లు. పాలు పొంగించింది యశస్విని. ఇంటి దృష్టిలో లోపల తిరుగుతున్న ఆ పిల్ల యశస్వినే. ఆ పిల్ల యశస్వినిలా ఉన్నంతసేపు ఇంటికి ఏ అభ్యంతరమూ లేదు.

"మళ్ళీ పొంగించుకోవచ్చా?" అని తస్లీమా పానకాలు గారిని అడిగింది.

"ఒక కాపురానికి ఒక్కసారేనమ్మా. ఖాళీ చేసి, మళ్ళా మొదట్నించి రావాలి. మళ్ళా పేరు చెప్పాలి."

"ఆ రోజు గిన్నె నా చేతికిచ్చుంటే అయిపోయేదక్కా," అంది తస్లీమా, నిష్ఠూరంగా కాదు, వార్డులో ఎవరికో జ్వరం ఎంతుందో చెప్పినట్టు. "పోనీ మిగతా ఇళ్ళకైనా ఎవరి పాలు వాళ్ళనే పొంగించుకోనీ."

యశస్విని ఆలోచించింది. ఫారాలు అయిదు వందలు అచ్చయి ఉన్నాయి. అప్పటికి తొమ్మిది ఇళ్ళు అయ్యాయి, తొమ్మిదీ ప్రతినిధి పద్ధతిలోనే. మధ్యలో పద్ధతి మారిస్తే మొత్తం మంజూరు తిరగదోడతారు. "రెండో దశలో చూద్దాం తస్లీమా," అంది. "రెండో దశ మొత్తం పేర్ల మీదే ఉంటుంది." మాట ఇచ్చినప్పుడు ఆమె మనస్ఫూర్తిగానే ఇచ్చింది.

ఈలోగా మార్గదర్శకాలు రాసింది. ఇంట్లో అసలు పేరు ఉచ్చరించరాదు. ఆసుపత్రి గుర్తింపు కార్డు సందు మొదట్లోనే తిరగేసుకోవాలి. వీధి తలుపు మీద ప్రతినిధి పేరు ఉన్న పలక పెట్టాలి. ప్రార్థన చేసుకోవచ్చు, ఇంటికి వినపడనంత మెల్లగా. పండగలు ఆసుపత్రి క్యాంటీన్‌లో జరుపుకోవడం శ్రేయస్కరం. మగతలో మాట్లాడే వృద్ధులకి తగిన అలవాటు చేయించాలి.

ఆ అలవాటు చేయించడానికి యశస్విని రోజూ సాయంత్రం తానే వచ్చేది. నాగూర్‌బీ ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, కూతుర్ని చూపించి, "ఎవరమ్మా?" అని అడిగేది.

"మా అమ్మాయి."

"పేరు పెట్టి పిలవాలనిపిస్తే?"

నాగూర్‌బీ నోరు తెరిచి, కూతురి వంక చూసి, మూసుకునేది. "ఆ పేరు వాళ్ళ నాయన పెట్టాడమ్మా," అనేది. "పెట్టి నెల తిరక్కుండా పోయాడు. ఆయనిచ్చింది అదొకటే." తర్వాత, బస్సుల్లో పడిపోవడం గుర్తొచ్చి, బడిపిల్లలా ఒక్కో అక్షరం పట్టుకుని "యశస్వినీ" అనేది. మొదట్లో నోరు తిరిగేది కాదు. నెల తిరిగేసరికి మెలకువలో కుదిరింది. మూడో నెలకి మగతలో కూడా కుదిరింది. గది మాయం కావడం ఆగిపోయింది. ఒంట్లో నీరు తగ్గింది, ఆకలి పుట్టింది, ముఖానికి రంగొచ్చింది. డాక్టరు మెచ్చుకున్నాడు. కాబట్టి పథకం వల్ల మేలు జరగలేదని అనడానికి వీల్లేదు.

ఏడాది ముగిసేసరికి ఇరవైనాలుగు ఇళ్ళయ్యాయి. పదకొండింట్లో యశస్విని, ఏడింట్లో కోశాధికారి శ్రీవత్స, మిగిలినవాటిలో ఇంకో ఇద్దరు సభ్యులూ కాపురం ఉంటున్నారు, కాగితాల మీద. ఆసుపత్రి చుట్టుపక్కల పదకొండు మంది యశస్వినులు పొద్దున్నే పాలప్యాకెట్లకి బయటికి వస్తే పాలవాడికి కొంత ఇబ్బందిగా ఉండేది. అదీ అలవాటైంది.

తనిఖీకి ప్రత్యేకాధికారి విశ్వేశ్వరం గారు వచ్చారు. నమూనా ఇల్లుగా సుబ్బరత్నమ్మ గారి పోర్షనునే చూపించారు. ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, నిలబడ్డ తస్లీమాని చూశారు. లోపలి గదిలో నాగూర్‌బీ అప్పుడే డయాలసిస్ నుంచి వచ్చి పడుకుని ఉంది. బయట ఎండ పెళ్ళున కాస్తోంది.

"లబ్ధిదారు మీరేనా? పేరు?"

తస్లీమా పెదవులు ఒకసారి కదిలి ఆగాయి. ఆమె ఏం చెప్పాలనుకుంటోందో యశస్వినికి తెలిసిపోయింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఒక అధికారి, కాగితం పట్టుకుని, మర్యాదగా అడుగుతున్నాడు. చెప్తే ఇల్లు పోతుంది, లోపల తల్లి ఎండలో పడుతుంది, పథకం కూలుతుంది, మిగతా ఇరవైమూడు ఇళ్ళూ పోతాయి. చెప్పమని యశస్విని అనొచ్చు. గొడుగులున్నాయి, పక్కనే ఆసుపత్రి ఉంది, ముసలామెని ఎత్తుకోవడానికి పదిమంది కుర్రకారు ఉన్నారు. పోతే పోనీ ఇల్లు, ఆ అధికారి ఖాళీ స్థలంలో కూర్చుని ఒక్కసారి కళ్ళారా చూస్తాడు. ఇదంతా ఆమెకి తోచింది. తోచి కూడా, కనపడీ కనపడకుండా తల అడ్డంగా ఆడించింది. అలా ఆడించినందుకు ఆమె తర్వాత చాలాసార్లు సిగ్గుపడింది.

"యశస్విని," అంది తస్లీమా.

విశ్వేశ్వరం గారు రాసుకున్నారు. తర్వాత లోపలికి తొంగిచూసి, "ఏమ్మా, మీ అమ్మాయి బాగా చూసుకుంటోందా?" అన్నారు. మగతలోంచి నాగూర్‌బీ, "బంగారం బాబూ, మా యశస్విని," అంది. ఎక్కడా తడబడలేదు. గోడలన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

అధికారి చాలా సంతోషించారు. ఇరవైనాలుగు ఇళ్ళ జాబితా చూశారు. అందులో ఇంటికి నచ్చని పేరు ఒక్కటి కూడా లేకపోవడం గమనించి, తంగెళ్ళపూడిలో మతవివక్ష పూర్తిగా సమసిపోయిందని నివేదికలో రాశారు. ఇక రెండో దశ అవసరం లేదనీ, ఈ పద్ధతిని మిగతా ఊళ్ళకి కూడా విస్తరించాలనీ సిఫారసు చేశారు. పానకాలు గారి సెక్షను ఎత్తేసి ఆయన్ని జనన మరణాలకి మార్చారు.

సభ ఆసుపత్రి ఎదుటి కల్యాణ మండపంలో జరిగింది. లబ్ధిదారులకి ప్రశంసాపత్రాలిచ్చారు. తస్లీమా రెండింటికి డ్యూటీ ఉందని ముందే లేచి వెళ్ళిపోయింది, పత్రం కుర్చీలోనే ఉండిపోయింది. యశస్విని అది తీసుకుని వెనకాలే బయటికొచ్చింది. రెండో దశ లేదన్న మాట ఇంకా ఆ పిల్లకి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు. తప్పు నాదేనని, ఆ గిన్నె నీ చేతికి ఇవ్వాల్సిందని, ఆ మాటైనా చెప్పుకోవాలనుకుంది.

తస్లీమా రోడ్డు దాటుతోంది. దగ్గర్లో ఇల్లన్నదే లేదు. ఒకవైపు ఆసుపత్రి ప్రహరీ, ఇంకోవైపు కొబ్బరిబోండాల బండి. మాయం కావడానికి అక్కడ ఏమీ లేదు.

"తస్లీమా," అని పిలిచింది యశస్విని.

ఆ పిల్ల నడుస్తూనే ఉంది.

వినపడలేదేమోనని ఇంకాస్త దగ్గరికి వెళ్ళి గట్టిగా పిలిచింది. బోండాల వాడు తల తిప్పి చూశాడు. ఆటో ఆపుకున్న మనిషి చూశాడు. తస్లీమా మాత్రం చూడలేదు. చెవిన పడనట్టు కాదు, అది ఇంకెవరి పేరో అయినట్టు, తన దారిన తాను ఆసుపత్రి గేటు దాకా వెళ్ళింది.

యశస్విని చివరికి తన పేరే పెట్టి ఆ పిల్లని పిలిచింది.

ఆ పిల్ల చప్పున ఆగి, వెనక్కి తిరిగి, నవ్వుతూ వచ్చింది. "పిలిచావా అక్కా?"

"పత్రం మర్చిపోయావు," అంది యశస్విని.

ఆ పిల్ల పత్రం అందుకుని, బంగారు రంగులో అచ్చయిన పేరు మీద వేలు పెట్టి మెల్లగా చదువుకుంది. "బాగా వేశారక్కా, తప్పుల్లేకుండా," అంది. నలగకుండా సంచిలో పెట్టుకుని, రెండు కావస్తోందని వార్డుకి వెళ్ళిపోయింది.